రూకకు పూటకూడు, ఆటకు వెల యెంత?

ఓరుగల్లు కాకతీయుల రాజధానిగా వెలుగొందిన కాలమున ఆ నగరమునకు వచ్చిన బాటసారికి భోజనమును గూర్చి బెంగ యుండెడిది కాదు. చేత నొక రూక యున్న చాలును. క్రీడాభిరామ కర్త ఆ పూటకూటి వైభవమును నోరూరునట్లు వర్ణించినాడు. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నము, కమ్మని గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, పిదప గడ్డలు గట్టిన క్రొత్తపెరుగు వడ్డింతురట. ధర యింత, పదార్థము లివి, పంచదార గుప్పెడు, నంజుళ్ళు నాలుగైదు. విస్తరి ముందు కూర్చుండకముందే అన్నియు తేలిపోయినవి. తిన్నవాడు మోసపోయితి నని వగవనక్కరలేదు, పెట్టినమ్మ నష్టపోయితి నని గొణుగనక్కరలేదు.

కాని కడుపు నిండిన మనుష్యునికి వినోదము కావలెను. ఆ వినోదమునకు వెల యెంత? ఇచ్చిన సొమ్మునకు తగిన గుణము లభించినదో లేదో తేల్చు త్రాసు ఏది? పూటకూటి విషయములో ఇంత స్పష్టముగా మాటాడిన కవి, రాత్రి వినోదముల దగ్గరకు వచ్చుసరికి ధరల పట్టికను చేతికీయడు. ఈయలేడు కూడ. అన్నమును తూచవచ్చును, ఆటను తూచుట యెట్లు? నాటి ఓరుగంటి నాట్యశాల మొదలు నేటి మహానగరముల రాత్రి క్లబ్బుల వరకు, డబ్బిచ్చి వినోదమును కొనగోరు ప్రతివాని ముందును నిలిచిన ప్రశ్న యిదే. ఓరుగల్లు ఈ ప్రశ్నకు ఒక సమాధానము కూడ చెప్పియున్నది.

క్రీడాభిరామము వీథి యను రూపక భేదమునకు చెందినది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. కర్త వినుకొండ వల్లభరాయడు. శ్రీనాథుని చేయి యిందులో కలదని వాదించిన పండితులును ఉన్నారు. మంచనశర్మ యను బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి యను వైశ్యుడు, ఈ మిత్రులిద్దరు ఓరుగంటి వీథులలో ఒక దినమంతయు తిరుగుట యిందలి కథ. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డిగారు కాకతీయ యుగపు జనజీవనమును పునర్నిర్మించుటకు ఈ చిన్న గ్రంథమునే ముఖ్యమైన ఆధారములలో ఒకటిగా గైకొనిరి.

మిత్రులిద్దరును చూచిన వినోదములలో అధికభాగమునకు వెల లేదు. పల్నాటి వీరుల కథను పాడువారు ఒకచోట, పొట్టేళ్ళ పోరు, కోడిపందెము మరియొకచోట, పాములవాని ఆట వేరొకచోట. వీథియే రంగస్థలము. చూచువాడు నిలిచి చూచును. మనసైన నొక కాసు విసరును, కానిచో సాగిపోవును. ఇట్టి వినోదమున ధరకును గుణమునకును తగవు పుట్టదు. గుంపు పెరిగినచో ఆట బాగున్నదనియు, గుంపు చెదరినచో బాగులేదనియు ఎవరును చెప్పకయే తెలియును.

తగవు పుట్టునది గడప దాటి లోపలికి పోయినప్పుడు. మాచల్దేవి యింటి గడప అట్టిది. ఆమె ప్రతాపరుద్ర చక్రవర్తి కాలపు ప్రసిద్ధ వేశ్య. మిత్రులు వచ్చుసరికి ఆమె తన చిత్రశాలా ప్రవేశపు వేడుకలో నున్నది. గోడల నిండ పురాణ కథలు చిత్రింపబడియున్నవి. దారువనమున విహరించు శివుడు, గోపికల నడుమ కృష్ణుడు, మేనకా విశ్వామిత్రులు, ఇట్టివి. ఇక్కడ పాఠకులు గమనింపదగిన విషయ మొకటి కలదు. కవి ఆమెను పరిచయము చేయునపుడు రూపమును ముందు పెట్టలేదు. రాజుగారి గోష్ఠిలో ప్రతిష్ఠ గడించినదిగా చెప్పినాడు. గోష్ఠి యనగా విద్వాంసుల సంభాషణ, రసికుల చర్చ. పద్యము చదివినచో అర్థము చెప్పవలెను, చిత్రమును చూపినచో కథ నెరుగవలెను, చతురోక్తికి చతురోక్తి బదులీయవలెను. ఆమె యింట అడుగిడినవానికి లభించునది ఇది. దీనిని పొందుటకు సొమ్ము ఒక్కటే చాలదు. వచ్చినవానికి గోష్ఠి నడపు తెలివియు కావలెను. మంచనశర్మకు అది కలదు గనుకనే ఆ గడపలో అతనికి మాట దక్కినది. అది లేనివాడు ఎన్ని మాడలు గుమ్మరించినను గోడమీది బొమ్మలను చూచి తిరిగిపోవలసినదే.

అనగా వినోదమున గుణమనునది అమ్మువారి యొద్ద మాత్రమే యుండు వస్తువు కాదు. కొనువాని యోగ్యతను బట్టి అది పెరుగును, తరుగును. ఈ సూత్రమును శాస్త్రముగా వ్రాసినవాడు కూడ కాకతీయుల కొలువులోని వాడే. గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని సుమారు 1253-54లో నృత్తరత్నావళిని సంస్కృతమున రచించెను. ఎనిమిది అధ్యాయముల గ్రంథము. మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తరువాతి నాలుగు దేశి నృత్యములకు కేటాయింపబడినవి. కోలాటము, రాసకము, పేరణి మున్నగు జనుల నృత్యములకు శాస్త్రమున గౌరవస్థానము కల్పించుట ఈ సేనాని విశిష్టత. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దీనిని తెలుగు చేసిరి.

ఆ గ్రంథపు చివరి అధ్యాయము మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరైనది. అందు ప్రదర్శనమును గూర్చి చెప్పబడినది. ఎట్టి సమయమున నృత్యము జరుపవలెను, సభలో ఎవరెచట కూర్చుండవలెను, ముఖ్య అతిథి నెట్లు ఆహ్వానింపవలెను అను వివరము లున్నవి. చిట్టచివరకు జాయప సభాపతి వైపు తిరిగి, నర్తకిని, వాద్యకారులను, కవిని తగురీతిని సత్కరింపవలెనని హెచ్చరించి గ్రంథమును ముగించినాడు. ఏనుగుల దండును నడపిన సేనాని తన శాస్త్రమునకు చివరిమాటగా చెల్లింపును గూర్చి చెప్పుట యాదృచ్ఛికము కాజాలదు. అడుగులు, చూపులు, హస్తములు అన్నియు చెప్పిన పిమ్మట, ఆట పూర్తియగుట ప్రేక్షకుడు తన ఋణము తీర్చినప్పుడే యని ఆయన భావించియుండును. ఆ సత్కారము నర్తకితో ఆగలేదు, మద్దెలవానికిని పాట కట్టినవానికిని చెందినది. ఒక రాత్రి ఆట వెనుక ఎన్ని చేతులు పనిచేయునో ఎరిగినవాని మాట యిది.

ఆ యుగమున కళాకారుల జీవనము రాత్రి బేరము మీద ఆధారపడకుండుటకు మరియొక యేర్పాటు కూడ ఉండెను. గుంటూరు సీమలోని మల్కాపురమున రుద్రమదేవి కాలమునాటి 1261వ సంవత్సరపు శాసనమున్నది. విశ్వేశ్వర శంభువు నెలకొల్పిన మఠము, పాఠశాల, వైద్యశాల, ప్రసూతిశాలలతో పాటు ఆలయ సేవకై నియమింపబడిన నర్తకీమణులకును, మద్దెలవాండ్రకును, గాయనులకును జీవనాధారములు అందు పేర్కొనబడినవి. ఉపాధ్యాయునికిని, వైద్యునికిని వలెనే నర్తకికిని వృత్తి కల్పింపబడినది. ఆనాటి ప్రేక్షకుడు ఆలయ మండపమున ఉచితముగా చూచిన నృత్యమునకు వెల లేదని కాదు. దానిని ముందే భూమి రూపమున ఎవరో చెల్లించియుండిరి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో నల్లరాతి మదనికలు నేటికిని ఆ చెల్లింపునకు సాక్ష్యము పలుకుచున్నవి. నడుము వంపును, కాలి అందెను అంత నిశితముగా చెక్కిన శిల్పి ఎదుట నృత్యము నెరిగిన ఒక స్త్రీ కొంతకాలము నిలిచియుండవలెను గదా!

ఐతే ఈ బంగారు పళ్ళెమునకు గోడచేర్పు కలదు. భూమి యున్నది, గౌరవమున్నది, కాని ఆ వృత్తిని వదలు స్వేచ్ఛ లేదు. తల్లి వృత్తి కూతురి మీద పడెడిది. ఊహ తెలియని బాలికను దేవునికి అర్పించి ఆమె బ్రతుకునకు ఇతరులు వెల కట్టిరి. గుణమును కాపాడిన యేర్పాటే మనిషిని బంధించినది. కావుననే ధరను గుణమును తూచునపుడు త్రాసున మూడవ వస్తువును కూడ ఉంచవలసియున్నది. అది ఆడునామె యొక్క సమ్మతి.

1323లో ఓరుగల్లు పతనమైనది. కాలక్రమమున రాజులు, సామంతులు, తరువాత జమీందారులు, చివరకు డబ్బున్న గృహస్థులు పోషకులైరి. ఆలయ మండపము నుండి నృత్యము పెండ్లి పందిటికి దిగినది. అప్పుడు బేరము ప్రారంభమైనది. మేళమును కుదుర్చుకొనునపుడు ముందుగా నిచ్చు సొమ్మునకు అచ్చారము అని పేరు. అచ్చారము అందుకొన్న మేళము మాట తప్పరాదు. ఇచ్చిన గృహస్థు వెనుదీయరాదు. ఇది న్యాయమైన పద్ధతియే. పూటకూటి రూక వలె ముందుగా తేలిన ధర. కాని మేజువాణి రాత్రి సగమగుసరికి లెక్క మారిపోయెడిది. జావళి పాడుచు సాని సభలోనికి వచ్చును. ఒక ఆసామి రూపాయి చదివించును. చదివించినవాని పేరు బిగ్గరగా పలుకుదురు. ప్రక్కనున్న ఆసామికి రోషము వచ్చి రెండు చదివించును. మూడవవాడు అప్పు చేసి ఐదు చదివించును. పాట యెట్లున్నదో ఎవరికిని పట్టదు. ఆ రాత్రి అమ్ముడుపోయినది సంగీతము కాదు, తమ పేరు పదిమందిలో వినబడవలెనను చాపల్యము. ఎక్కువ వెల పెట్టినంత మాత్రమున ఎక్కువ గుణము రాదనుటకు మేజువాణిని మించిన దృష్టాంతము లేదు.

తక్కువ వెలకు ఎక్కువ పొందగోరువాని గతిని చూడవలెనన్నచో కన్యాశుల్కమును తెరువవలెను. గురజాడవారి ఈ నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో సమూలముగా మార్పు చెందినది. గిరీశము మాటలనే సొమ్ముగా చెల్లించి మధురవాణి యింట కాలము గడపినాడు. అప్పులు ముదిరిన పిమ్మట విజయనగరము విడిచి పోయినాడు. రామప్పపంతులు తన సంపదను గూర్చి గొప్పలు చెప్పుకొని ఆమెను తీసికొనిపోయినాడు. ఈ ఇరువురును ఆమెను తామే కొన్నామనుకొన్నారు. నిజమునకు ఆమె వారిని తూచి చూచి ఎవని విలువ యెంతయో తేల్చుకొన్నది. చివరకు సౌజన్యారావుపంతులు ఎదుట తాను చేసిన ఉపకారమునకు ఒక ముద్దును వెలగా అడిగినది. ఆయన చెల్లించుటకు సిద్ధమైన క్షణమున తానే వలదన్నది. చెడనివానిని చెడగొట్టరాదను తల్లి మాటను ఆమె జ్ఞప్తికి తెచ్చుకొన్నది. తెలుగు సాహిత్యమున అత్యంత విలువైన వెల బహుశః ఆ వసూలు చేయని వెలయే. ధరను నిర్ణయించు అధికారము ఆడుదాని చేతనున్నప్పుడు ఆమె ఉదారముగా కూడ ఉండగలదని గురజాడ చూపినాడు.

పందిటి మేళములు క్రమముగా అంతరించినవి. వీరేశలింగము పంతులుగారి కాలము నుండి సాగిన సంస్కరణోద్యమము ఫలితముగా 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణ నిషేధ శాసనము వచ్చినది. తెలంగాణమును కూడ కలుపుకొని ఆంధ్రప్రదేశ్ అంతటికిని వర్తించు చట్టము 1988లో వచ్చినది. బాలికలను అర్పించుట నేరమైనది. ఇది కావలసిన మార్పు. కాని చట్టము ఆచారమును నిషేధించినదే గాని రాత్రి వినోదముపై మనుష్యుని కోరికను నిషేధింపలేదు. ఆ కోరిక నగరములకు తరలి, దీపముల క్రింద, మద్యపు బల్లల నడుమ క్రొత్త గృహమును నిర్మించుకొన్నది. దానికి ధర కట్టు చిక్కు మన దేశమున న్యాయస్థానము వరకు పోయినది బొంబాయి నృత్యశాలల విషయమున.

2005లో మహారాష్ట్ర ప్రభుత్వము మద్యశాలలలో నృత్యమును నిషేధించెను. వేలకొలది స్త్రీలు జీవనోపాధి కోల్పోయిరి. హైకోర్టు 2006లో ఆ నిషేధమును కొట్టివేయగా, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించెను. ప్రభుత్వము క్రొత్త చట్టము చేసినది. దానిపై 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన విషయమునకు నేరుగా సంబంధించినది. నర్తకికి బహుమానము చేతికీయవచ్చును. నోట్లను ఆమెపై వెదజల్లరాదు. ఆమెతో వ్రాతపూర్వకమైన ఒప్పందముండవలెను, పారితోషికము ఆమె బ్యాంకు ఖాతాలో జమ కావలెను. కాని నెలజీతమే ఈయవలెనను షరతు ఆమెను ఒకే యజమానికి కట్టివేయును గనుక అది చెల్లదు.

చేతికిచ్చుటకును, వెదజల్లుటకును నడుమనున్న భేదమును ఒకసారి యోచింపుడు. నోటు అదే, మొత్తము అదే. చేతికిచ్చినప్పుడు అది పారితోషికము. వెదజల్లినప్పుడు అది చదివింపుల నాటి రోషము. అందులో ఆమె వంగి యేరుకొనవలెను, యజమాని తన వంతు తీసికొనవలెను, ఇచ్చినవానికి చప్పట్లు రావలెను. మేజువాణి పందిరిలో మొదలైన జాడ్యమునకు అత్యున్నత న్యాయస్థానము ఔషధము వ్రాసినదనవచ్చును. ఏడున్నర శతాబ్దములకు పూర్వము జాయపసేనాని చెప్పిన 'తగురీతిని సత్కరించుట' అను మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము దొరకదు.

ఇక నేటి గృహస్థు సంగతి. వ్యాపారము పనిమీదనో, మిత్రుల ప్రోద్బలము వలననో మహానగరమునకు పోయి ఒక రాత్రి క్లబ్బు గుమ్మమున నిలిచినాడనుకొందము. అక్కడ ధర ఒకటిగా ఉండదు. గుమ్మము వద్ద ప్రవేశ రుసుము, లోపల పానీయముల వెల, కూర్చున్న స్థానమును బట్టి హెచ్చుతగ్గులు, పైన పన్నులు, సేవా రుసుము, ఆపైన బహుమానములు. ప్రవేశము చవుకగా నున్నచోట పానీయము బంగారమగుట పరిపాటి. కొన్నిచోట్ల ప్రవేశ రుసుమును తినుబండారముల లెక్కలో కలుపుకొందురు, కొన్నిచోట్ల కలుపుకొనరు. అడుగకుండ కూర్చున్నవాడు తెల్లవారుజామున బిల్లు చూచి బెదరును. లక్ష్మణవజ్ఝల యింటి పద్ధతిని ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు. కూర్చుండకముందే వెల తెలియవలెను, వెలలో ఏమేమి యున్నవో తెలియవలెను. వెలల పట్టిక చూపని చోట, అడిగినచో నవ్వి దాటవేయు చోట, నిలువకుండుటయే తెలివి. రాత్రికి ఖర్చు చేయదలచిన మొత్తమును ఇంటి వద్దనే నిర్ణయించుకొని బయలుదేరుట రెండవ తెలివి. రోషము లేచునది జేబులో డబ్బున్నప్పుడే.

మూడవది కొంచెము కష్టమైనది. చవుకగా లభించినదని సంతోషించుటకు ముందు, ఆ తగ్గిన మొత్తము ఎవరి వంతులో తగ్గినదో అడుగవలెను. భవనపు అద్దె తగ్గదు, విద్యుత్తు తగ్గదు, మద్యపు పన్ను తగ్గదు, యజమాని లాభము తగ్గదు. తగ్గగలిగినది ఆడునామె కూలి, వాద్యకారుని కూలి. బాకీపడిన కూలితో, భయముతో, ఇష్టము లేని అడుగులతో ఆడు ఆటలో గుణ మెక్కడ నుండి వచ్చును? కావున పిసినారి ప్రేక్షకుడు తన నష్టమును తానే కొనుక్కొనుచున్నాడు. న్యాయమైన వెల అనునది దానధర్మము కాదు, గుణమునకు పెట్టుబడి. సమ్మతి లేని చోట, వయస్సు చాలని చోట మాత్రము ఏ వెలయు న్యాయము కాజాలదు. అక్కడ బేరమే నేరము.

ఈ లెక్క రాత్రి క్లబ్బులకే పరిమితము కాదు. పేరణిని పండితుడు నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళి శ్లోకములను, రామప్ప శిల్పములను పరిశీలించి పునరుద్ధరించిరి. నేడు వరంగల్లు, హనుమకొండలలో యువకులు కాలికి గజ్జె కట్టి దానిని అభ్యసించుచున్నారు. ప్రదర్శనకు ఆహ్వానము వచ్చినపుడు "ఉచితమేనా?" అని అడుగు పెద్దమనుషులు, మరునాడు పట్టణములో వేయి రూపాయల పానీయమునకు వెనుదీయకపోవుట కలదు. ఆ ప్రశ్న వినబడినప్పుడు కళాకారుడు నవ్వి ఊరుకొనును. ఏండ్ల సాధన చేసిన కాళ్ళకు ఆ ఉచితపు రాత్రి కూడ ఆకలి వేయును.

ఓరుగంటి కోటలో ఇప్పుడు నాలుగు శిలాతోరణములు నిలిచియున్నవి. వాని నడుమ సాయంకాలమున నడచువానికి మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఏ వీథిని పోయియుందురో తెలియదు. పూటకూళ్ళ యిల్లు లేదు, మాచల్దేవి చిత్రశాల లేదు, రూక చెల్లదు. కాని ఆ రూక నేర్పిన పాఠము చెల్లుచునే యున్నది. వెల ముందు తెలియవలెను, చెప్పిన వెల నిండుగా చెల్లవలెను, చెల్లించిన చేయి ఎదుటివారి చేతిని తాకవలెను. అట్లు కొన్న వినోదమే తెల్లవారిన పిమ్మటను మనసున మిగులును.